అల్గారిథమ్‌లకు పోటీ పెట్టి పోల్చడం ఎలా?

"మా అల్గారిథమే మేలు" అని ప్రతి పరిశోధన పత్రమూ చెబుతుంది. సొంత డేటా, సొంత కొలత అయితే ఇక ఓడేదెవరు? నలుగురి పనినీ పోల్చాలంటే నలుగురికీ ఒకే పరీక్ష పెట్టాలి. మీ కాలేజీ ల్యాబ్‌లో తెలుగు చేతిరాతను గుర్తుపట్టే ప్రోగ్రాములకైనా పద్ధతి ఇదే.

1. కొలతను ముందే ప్రకటించండి. 2006లో నెట్‌ఫ్లిక్స్ పది లక్షల డాలర్ల పోటీ పెట్టింది. ప్రేక్షకులు ఇచ్చే రేటింగ్‌ను ఊహించడంలో తమ ప్రోగ్రాం కంటే పొరపాటు 10 శాతం తగ్గించినవారికి బహుమతి. స్కోర్లు సమానమైతే ఏం చేయాలో కూడా రాసిపెట్టుకోండి. 2009లో అక్కడ రెండు బృందాల పొరపాటు స్కోరూ 0.8567గానే తేలింది. 20 నిమిషాలు ముందు పంపినవాళ్లు గెలిచారు!

2. జవాబులు దాచండి. పోటీకి ప్రాణం ఇదే. ప్రొటీన్ ఆకారాలను ఊహించే 'కాస్ప్' పోటీ 1994 నుంచి రెండేళ్లకోసారి జరుగుతోంది. ప్రయోగశాలలో తేలినా ఇంకా బయటపెట్టని ఆకారాలనే అందులో ప్రశ్నలుగా ఇస్తారు, కాబట్టి చూసి రాయడానికి దారే లేదు. మీకు అంత వీలు లేకపోతే దాచిన డేటాను రెండు భాగాలు చేయండి. ఒకదాని స్కోరు రోజూ చూపించండి, రెండోది చివరిదాకా తెరవొద్దు. నెట్‌ఫ్లిక్స్ చేసిందీ అదే.

ఎన్నిసార్లు పంపొచ్చో కూడా పరిమితి పెట్టాలి. స్కోరు చూసి సవరిస్తూ పోతే దాచిన జవాబులు కొంచెం కొంచెంగా బయటికొచ్చేస్తాయి. ఫొటోల్లో ఏముందో గుర్తుపట్టే 'ఇమేజ్‌నెట్' పోటీలో పరీక్ష సర్వర్‌కు వారానికి రెండుసార్లే పంపాలన్న నియమం ఉండేది. చైనా కంపెనీ బైడూ బృందం మాత్రం చాలా ఖాతాలతో కనీసం 200 సార్లు పంపిందని 2015లో బయటపడింది. ఏడాది నిషేధం పడింది.

3. ఒక మామూలు పద్ధతిని కూడా బరిలో దింపండి. పాత అంకెలను చూసి రాబోయే అంకెలను ఊహించే 'ఎం4' పోటీ 2018లో జరిగింది. అందులో కేవలం మెషీన్ లెర్నింగ్‌నే (డేటా నుంచి ప్రోగ్రామే నేర్చుకోవడాన్నే) నమ్ముకున్న పద్ధతులు ఆరు ఉంటే, అతి సాధారణమైన సూత్రాన్ని దాటింది ఒక్కటే. మామూలు పద్ధతి బరిలో లేకపోతే ఈ సంగతి తెలిసేదే కాదు.

4. ఫలితం చదివేటప్పుడు మొదటి ర్యాంకు చూసి మురిసిపోకండి. ప్రశ్నల్లో కొన్ని తీసేసి మళ్లీ లెక్కేయండి. ర్యాంకులు తారుమారైతే ఆ తేడాకు విలువ లేదు. ప్రోగ్రాం నడవడానికి పట్టే సమయం, మెమరీ కూడా స్కోరు పక్కనే రాయండి. నెట్‌ఫ్లిక్స్‌లో చివరకు గెలిచిన పద్ధతి వందలాది మోడళ్ల కలగలుపు. పెరిగిన కచ్చితత్వానికి అంత ఇంజినీరింగ్ శ్రమ గిట్టుబాటు కాదని కంపెనీ ఆ కలగలుపును వాడుకలో పెట్టనేలేదు.