పొద్దున్నే పట్టుకునే దిగులు: ముందు ఏది సరిచేయాలి?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగిళ్లలో ఎవరైనా మనసు బాలేదంటే చాలు, సలహా సిద్ధంగా ఉంటుంది: "పొద్దున్నే ధ్యానం చెయ్యమ్మా, అన్నీ సర్దుకుంటాయి." సలహా మంచిదే, వరసే తప్పు. ముందు నిద్ర, వెలుతురు, చేతికి చిన్న పని. ధ్యానం ఆ తర్వాత, అదీ కొద్దికొద్దిగా.

సమస్య: మెలకువ వచ్చినా మంచం దిగబుద్ధి కాదు

కారణం చాలాసార్లు రాత్రిలోనే ఉంటుంది. అర్ధరాత్రి దాకా ఫోను చూస్తే లేచేసరికి ఎనిమిది. మనది దేశానికి తూర్పు వైపు. జూన్‌లో బరంపురంలో 5 దాటిన కాసేపటికే పొద్దు పొడుస్తుంది, ముంబైలో 6 అవుతుంది. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. అంటే ఎనిమిదికి లేచేవాళ్లు ఇక్కడ దాదాపు మూడు గంటల వెలుతురు పోగొట్టుకుంటున్నారు. నిద్రా మెలకువల వేళలను శరీరం సరిచేసుకునేది ముఖ్యంగా ఆ వెలుతురుతోనే.

పరిష్కారం: పడుకునే టైము కుదరకపోయినా లేచే టైము మార్చకండి. లేచిన అరగంటలోపు డాబా మీదకో అరుగు మీదకో వెళ్లి పావుగంట ఉండండి. సూర్యుణ్ణి చూడక్కర్లేదు. మబ్బు పట్టినా ఇంట్లో ట్యూబులైటు కంటే బయట వెలుతురే ఎక్కువ. ఫోను లోపలే ఉండనివ్వండి.

సమస్య: "మనసు కుదుటపడ్డాక చేద్దాం" అని పనులన్నీ ఆగిపోయాయి

దిగులులో ఉత్సాహం పని కంటే ముందు రాదు, వస్తే పని వెనకాలే వస్తుంది. మానసిక చికిత్సలో బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతికి ఆధారం ఇదే. కాబట్టి నవ్వొచ్చేంత చిన్న పని పెట్టుకోండి. దుప్పటి మడవండి. లేదా గుమ్మం ముందు నీళ్లు చల్లి నాలుగు చుక్కల ముగ్గు వేయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారాలంటే చూపు అక్కడే ఉండాలి, ఆ రెండు నిమిషాలు మనసూ అక్కడే ఉంటుంది. ఆపైన గ్లాసెడు చోడి (రాగి) అంబలో, చద్దన్నమో ఏదో ఒకటి కడుపులో పడాలి. పదకొండు దాకా టీలతో నెట్టుకొస్తే చిరాకు పెరుగుతుంది.

సమస్య: కళ్లు మూసుకుని కూర్చుంటే దిగులు ఇంకా ఎక్కువవుతోంది

ఇది మీ లోపం కాదు. అయినా చాలామంది ఇక్కడే "నాకు ధ్యానం రాదు" అని లేచిపోతారు. దిగులుగా ఉన్న మనసు చెప్పిందే చెబుతుంది: ఆ మాట ఎందుకన్నాను, పిల్లాడి ఉద్యోగం ఏమవుతుంది. కళ్లు మూస్తే దానికి అడ్డు ఉండదు.

కళ్లు తెరిచే కూర్చోండి. చాప మీద, గోడకు ఆనుకుని, చూపు నాలుగడుగుల దూరంలో నేల మీద. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, అందుకే ఆ భాగం పొడుగు. వదిలిన ఊపిరులు పది దాకా లెక్కపెట్టండి, పది అయ్యాక మళ్లీ ఒకటి నుంచి. మధ్యలో లెక్క తప్పితే తిట్టుకోకుండా మళ్లీ ఒకటి. ఐదు నిమిషాలు చాలు. అరగంట చేయాలన్న పంతం మొదటి నెలలో వద్దు. పాత భయాలు ముంచుకొస్తే ఆపేసి నాలుగు వీధులు నడిచి రండి, ఊపిరి లెక్క నడుస్తూ కూడా కుదురుతుంది.

కూర్చోగానే కునుకు పడుతోందా? మీకు కావలసింది నిద్ర, ధ్యానం కాదు.

సమస్య: పగలు ఎలాగో గడుస్తుంది, సాయంత్రమే గుండె బరువెక్కుతుంది

భర్త సూరత్ మిల్లుల్లో, పిల్లలు విశాఖలో, ఇంట్లో ఒక్కరే. గంజాం వైపు ఎన్నో ఇళ్లలో ఇదే కథ. స్టేటస్‌లు చూస్తే ఒంటరితనం తీరదు. రోజూ ఒకే వేళకు ఒక ఫోన్ కాల్, లేదంటే పక్కింటి అరుగు మీద పది నిమిషాలు. వచ్చీరాని ఒడియా అయినా పరవాలేదు.

సమస్య: ఇవన్నీ చేసినా తేడా లేదు

దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం దాదాపు రోజంతా, వరసగా రెండు వారాలుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్ హార్మోను తక్కువైనా, రక్తహీనత ఉన్నా, బి12 లోపించినా ఇలాగే నీరసంగా ఉంటుంది, రక్తపరీక్షలో తెలుస్తుంది. రోజూ మద్యం తాగేవాళ్లు ఆ సంగతి దాచకుండా చెప్పాలి. బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం వెళ్లలేకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, వెంటనే ఫోన్ చేయండి.

ఇప్పటికే మందులు వాడుతుంటే, ధ్యానం కుదిరిందని సొంతంగా మానేయకండి. తగ్గించాలా వద్దా అన్నది రాసిచ్చిన డాక్టరే చెప్పాలి.