ఆస్టిన్ జిల్కర్ పార్కుకు వెళ్తున్నారా? ముందు ఊటకొలను సంగతి చూసుకోండి

టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో, కొలరాడో నది దక్షిణపు ఒడ్డున, సుమారు 350 ఎకరాల్లో ఉంటుంది జిల్కర్ పార్కు. (గ్రాండ్ క్యాన్యన్‌లో పారే కొలరాడో వేరు. ఇది టెక్సస్‌లోనే పుట్టి టెక్సస్‌లోనే సముద్రంలో కలుస్తుంది.) ఇక్కడ ఏది చూడకపోయినా ఫర్వాలేదు గానీ, బార్టన్ స్ప్రింగ్స్ అనే ఊటకొలనులో దిగకుండా మాత్రం రావద్దు.

అందుకే బయల్దేరే ముందు అది ఏ వారమో చూసుకోండి. గురువారం పగలంతా కొలను మూసి శుభ్రం చేస్తారు. భూగర్భంలోని సున్నపురాతి పొరల నుంచి ఊరే నీరిది. ఈ ఊటల్లో మాత్రమే బతికే, అంతరించిపోతున్న సాలమాండర్ (బల్లిలా కనిపించే ఉభయచర జీవి) ఒకటి ఉండటంతో ఇందులో క్లోరిన్ కలపరు. నాచునూ ఒండ్రునూ మనుషులే తీయాలి. పెద్ద వాన పడితే బార్టన్ వాగు పొంగి కొలనులోకి బురద తెస్తుంది, అప్పుడూ మూసేస్తారు. వాన పడిన మర్నాడు బయల్దేరే ముందు నగరపాలక సంస్థ వెబ్‌సైట్ చూడండి.

నీటి వేడి ఏడాది పొడవునా 20–21 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. ఆగస్టులో బయట 38 డిగ్రీల ఎండలోంచి వచ్చి ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుంటుంది. మెట్ల మీదుగా దిగి, మోకాళ్ళ దాకా నీళ్ళలో ఒకటి రెండు నిమిషాలు నిలబడి, ముఖం, మెడ తడుపుకుని ముందుకు వెళ్ళండి. ఈత రానివాళ్ళు లోతు తక్కువున్న వైపే ఉండాలి. రెండోవైపు లోతు 18 అడుగుల దాకా ఉంటుంది. లోతు లేనిచోట కూడా రాళ్ళకు నాచు పట్టి జారుతుంది కాబట్టి నీళ్ళలో వేసుకునే చెప్పులు తెచ్చుకోండి. నూలు చుడీదార్లు, జీన్స్ తడిస్తే బరువెక్కి కిందికి లాగుతాయి, ఈత దుస్తులే మేలు. తిండి, కూలర్, గాజు సీసాలు లోపలికి పనికిరావు. మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో మంచినీళ్ళు తీసుకెళ్ళవచ్చు. టికెట్ ఆస్టిన్ వాసులకు తక్కువ, బయటివాళ్ళకు ఎక్కువ. ఊళ్ళోవాళ్ళయితే చిరునామా ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.

పక్కనున్న నదిలో మాత్రం ఈతకు దిగకండి. ఆ భాగాన్ని లేడీ బర్డ్ లేక్ అంటారు, అక్కడ ఈత నిషేధం. వేసవిలో విషపు నాచు పెరిగి, ఆ నీళ్ళలో దిగిన కుక్కలు చనిపోయిన సందర్భాలున్నాయి. నది మీద తిరగాలనిపిస్తే కయాక్ (చిన్న తెడ్డు పడవ) అద్దెకు తీసుకోండి. పెట్రోలు ఇంజన్ల పడవలను రానివ్వరు కాబట్టి కొత్తవాళ్ళకు భయం ఉండదు. మొదట గాలికి ఎదురు తెడ్డు వేయండి, చేతులు అలసిపోయాక తిరుగు ప్రయాణం తేలికవుతుంది. పదమూడేళ్ళలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని చట్టం.

పులిహోర, పెరుగన్నం కట్టుకొస్తే పార్కులోని పెద్ద మైదానం నడుమ కూర్చోవద్దు, అక్కడ నీడ లేదు. పైగా అక్కడ కుక్కలను గొలుసు లేకుండా వదులుతారు. అంచుల్లో చెట్ల కింద బల్లలు వెతుక్కోండి. వేసవి శని, ఆదివారాల్లో నీడ ఉన్న బల్లా, పార్కింగూ రెండూ త్వరగా నిండిపోతాయి. పొద్దున తొమ్మిదిలోపు చేరడం మంచిది. పార్కింగ్ రుసుము వివరాలు అక్కడి బోర్డు మీద ఉంటాయి. అక్టోబరులో ఏసీఎల్ (ఆస్టిన్ సిటీ లిమిట్స్) సంగీతోత్సవానికి మైదానాన్ని ముందూ వెనకా చాలా రోజులు మూసి ఉంచుతారు. డిసెంబరులో దీపాల ప్రదర్శనకూ పార్కులో కొంత భాగాన్ని మూస్తారు. వసంతంలో జరిగే గాలిపటాల పండుగ రోజున కారు తేవడమే దండగ.

పార్కులోని బొటానికల్ గార్డెన్‌కు ద్వారం వేరు, టికెట్టూ వేరే. పెద్దవాళ్ళతో వెళ్తే జాగ్రత్త, అక్కడి జపనీస్ తోటలో కూడా మెట్లూ ఎత్తుపల్లాలూ ఉంటాయి.

మార్చి నుంచి అక్టోబరు లోపు వెళ్తే సాయంత్రం నది ఒడ్డు బాట పట్టి తూర్పుకు సుమారు మూడు కిలోమీటర్లు నడవండి. కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింద 15 లక్షల దాకా గబ్బిలాలు ఉంటాయి, చీకటి పడే వేళకు గుంపులుగా బయటికి వస్తాయి. జూన్‌లో పుట్టిన పిల్లలు కూడా ఎగరడం మొదలుపెడతాయి కాబట్టి ఆగస్టులో గుంపు పెద్దది. సూర్యాస్తమయానికి అరగంట ముందే చేరండి. ఫ్లాష్ కొట్టకండి, వంతెనకు సరిగ్గా కింద నిలబడకండి, పైనుంచి రెట్ట పడుతుంది. కింద పడిన గబ్బిలాన్ని ముట్టుకోవద్దు, రేబిస్ ప్రమాదం ఉంది. కారు పార్కులోనే ఉంటే తిరిగి వచ్చే దారి చీకటిగా ఉంటుంది, టార్చి దగ్గర పెట్టుకోండి.