అపార్ట్‌మెంట్ డాబా మీద సోలార్: ముందు నీడ చూసుకోండి

మార్చి రాగానే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఒకటే గోల. బోరు అడుగంటింది, మోటారు గంటలకొద్దీ తిరుగుతోంది, కామన్ మీటరు బిల్లు మండిపోతోంది, సోలార్ పెట్టించేద్దాం అని. పెట్టించండి. కానీ వరసగా చేయండి.

అసోసియేషన్‌లో తీర్మానం రాసి సంతకాలు తీసుకోండి. ఏడాది బిల్లులు తీయండి. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి, దాదాపు 100 చదరపు అడుగుల జాగా కావాలి. పీఎం సూర్యఘర్ పథకంలో ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. దరఖాస్తు, నెట్ మీటరు (వాడుకున్న కరెంటు, మిగిలి లైనుకు పంపింది, రెండూ లెక్కేసే మీటరు) అంతా కాగితాల పనే, అయిపోతుంది.

అందరూ బోల్తా పడేది నీడ దగ్గర. సోలార్ వాళ్లు వచ్చేది ఎండాకాలంలో. మే రెండో వారంలో మన ఊళ్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ట్యాంకు నీడ ట్యాంకు కిందే దాక్కుంటుంది. "డాబా అంతా ఖాళీయే సార్" అంటారు. మాకూ అలాగే అన్నారు, నమ్మాం. డిసెంబరులో చూస్తే రెండు ప్యానెళ్లు పొద్దున్నంతా చీకట్లోనే.

డిసెంబరు చివర్లో పదడుగుల ట్యాంకు నీడ మధ్యాహ్నం దాదాపు తొమ్మిది అడుగులు ఉత్తరానికి పడుతుంది. పొద్దున తొమ్మిదింటికైతే పంతొమ్మిది అడుగులు, వాయవ్యానికి. ఆ నెలలోనే చాక్‌పీస్ పట్టుకుని డాబా ఎక్కండి. తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు నీడ అంచులు గీయండి. లిఫ్ట్ గది, పిట్టగోడ, పక్క బిల్డింగు, ఏదీ వదలొద్దు. గీతల లోపల ఒక్క ప్యానెల్ కూడా వద్దు. వరసగా కలిపిన వాటిలో ఒకదాని మీద నీడ పడితే మిగతావాటి కరెంటూ తగ్గొచ్చు. అంతదాకా ఆగలేమంటే పై కొలతలే టేపుతో వేసుకోండి. ఫోన్ యాప్‌లు నేను నమ్మను.

స్టాండు ఏడడుగుల ఎత్తు ఉండాల్సిందే. చవకని అడుగెత్తులో బిగిస్తారు, ఒప్పుకోకండి. ఏడడుగుల మీద ప్యానెల్ ఉంటే నీడ లెక్కలో పదడుగుల ట్యాంకు మూడడుగులదే అవుతుంది. కింద బట్టలు ఆరేసుకోవచ్చు, పై అంతస్తు వాళ్లకు స్లాబు వేడీ తగ్గుతుంది. ప్యానెల్ ముఖం దక్షిణానికి, వాలు పదిహేను డిగ్రీలు.

చివరిగా, బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సోలార్ (వీధి కరెంటు లైనుకు కలిపి నడిచేది), లైన్లో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, లైన్లో పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా. ఈ ముక్క మీటింగులోనే చెప్పేయండి. లేదంటే మొదటి కోత రోజే మూడో అంతస్తు అంకుల్ మీ తలుపు కొడతాడు.