ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు నొక్కి పట్టుకోకండి

అరకు నుంచి శృంగవరపుకోట వైపు సైకిల్ మీద దిగేవాళ్లలో చాలామంది గాలికొండ దాటగానే భయంతో రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా నొక్కే ఉంచుతారు. అదే వద్దు. అలా ఆగకుండా రాసుకుంటే రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలొచ్చు. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్లు వేడికి పట్టు తప్పుతాయి.

తిన్నగా ఉన్నచోట వదిలేయండి. మలుపుకు ముందే, సైకిల్ ఇంకా నిటారుగా ఉండగానే, రెండూ కలిపి గట్టిగా పట్టి వేగం తగ్గించి, మళ్లీ వదలండి. ఒరిగాక ముందు బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది. కాఫీ తోటల నీడలో రోడ్డు పొద్దెక్కేదాకా తడిగానే ఉంటుంది మరి! రిమ్ బ్రేకులు తడిస్తే మొదట అసలు పట్టవు, అందుకే కాస్త ముందుగా ఒకసారి మెల్లగా నొక్కి రిమ్ తుడవాలి.

చూపు మలుపు చివరన ఉండాలి, గుంత మీద కాదు. బయటివైపు పెడల్ కిందికి దించి దాని మీద బరువు వేయండి. ఎడమ పక్కనే ఉండండి, ఎదురొచ్చే బస్సులు మలుపుల్లో మనవైపుకి వచ్చేస్తాయి. మట్టిదారిలోకి దిగే మౌంటెన్ బైక్ వాళ్లు సీటు కూడా దించుకుంటే మంచిది. కింద ఆగాక డిస్క్‌ను మాత్రం చేత్తో ముట్టుకోకండి, చర్మం కాలుతుంది.