పాత ఇంటి మీద హోమ్‌స్టెడ్ తీయించడం మర్చిపోయారా? నోటీసు వస్తే ఏం చేయాలి

అమెరికాలో సొంత ఇంట్లో కాపురముండే వాళ్లకి ప్రాపర్టీ టాక్స్‌లో ఇచ్చే తగ్గింపు హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్. ఏదో ఒక ఇంటికే ఇస్తారు, అదీ మీరు నిజంగా ఉంటున్న ఇంటికి. కొత్త ఇల్లు కొని, పాతది అద్దెకిచ్చి, పాత ఇంటి మీద తగ్గింపు తీసేయమని చెప్పడం మర్చిపోయిన వాళ్లకే ఎక్కువగా ఈ చిక్కు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి కాబట్టి ఇక్కడ టెక్సాస్, ఫ్లోరిడాల సంగతే చెబుతాను.

సమస్య: కొత్త ఇంటికి అప్లై చేస్తే కుదరదన్నారు (టెక్సాస్)

పాత ఇంటి మీద ఎగ్జెంప్షన్ ఇంకా నడుస్తూ ఉండొచ్చు. లేదా డ్రైవర్ లైసెన్స్‌లో పాత అడ్రసే ఉండొచ్చు. ఇంటి అడ్రస్, లైసెన్స్ అడ్రస్ ఒకటిగా ఉండాలి. భర్త పేరున ఒక ఇంటికి, భార్య పేరున ఇంకో ఇంటికి తీసుకుందామన్న తెలివీ పనిచేయదు.

లైసెన్స్ మార్పించుకోండి. పాత ఇల్లున్న కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే ఆఫీసు) తగ్గింపు తీసేయమని రాతపూర్వకంగా చెప్పండి. తర్వాత ఫారం 50-114 (హోమ్‌స్టెడ్ దరఖాస్తు) మళ్లీ వేయండి. దీనికి ఫీజేమీ లేదు. డబ్బు పంపితే మేం ఫైల్ చేస్తామంటూ పోస్టులో వచ్చే ప్రైవేటు కంపెనీల కాగితాలు నేరుగా చెత్తబుట్టలో వేయొచ్చు.

సమస్య: పాత సంవత్సరాల పన్ను కట్టమని నోటీసు వచ్చింది (టెక్సాస్)

అర్హత పోయాక వచ్చే మే 1కి ముందే యజమానే చెప్పాలన్నది చట్టం. చెప్పకపోతే గడిచిన అయిదేళ్ల వరకు వెనక్కి వెళ్లి తగ్గించిన పన్ను మళ్లీ వేస్తారు. 2023లో చేసిన చట్టం వల్ల ప్రతి హోమ్‌స్టెడ్‌నీ కనీసం అయిదేళ్లకోసారి సరిచూడాల్సిన బాధ్యత అప్రైజల్ డిస్ట్రిక్ట్ మీద పడింది. ‘ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదుగా’ అన్న ధీమా ఇక చెల్లదు. పైగా 2025 పన్ను నుంచి స్కూల్ డిస్ట్రిక్ట్ వేసే పన్నులో తగ్గింపే 1.40 లక్షల డాలర్ల విలువ మీద ఉంది కాబట్టి తిరిగి కట్టాల్సిందీ పెరుగుతుంది.

డబ్బు కట్టేముందు తేదీలు చూసుకోండి. అమ్మానాన్నలకి ఒంట్లో బాగాలేక ఏడాదిపాటు హైదరాబాద్‌లో ఉండిపోయారనుకుందాం. తిరిగి వచ్చే ఉద్దేశంతో, మరోచోట స్థిర నివాసం పెట్టుకోకుండా, రెండేళ్లలోపు దూరంగా ఉంటే తగ్గింపు పోదు. విమాన టికెట్లు, కరెంటు బిల్లులు దాచి ఉంటే ఇప్పుడు పనికొస్తాయి.

సమస్య: ఇంటి మీద లీన్ వేస్తామన్నారు (ఫ్లోరిడా)

లీన్ అంటే బాకీ కింద ఇంటి మీద ప్రభుత్వం పెట్టే హక్కు. అసలు టెన్షన్ ఇక్కడే. ఫ్లోరిడా పదేళ్లు వెనక్కి వెళ్తుంది. ఎగ్గొట్టిన పన్ను, దాని మీద 50 శాతం జరిమానా, ఏడాదికి 15 శాతం వడ్డీ. ఏటా 1,000 డాలర్లు చొప్పున అయిదేళ్లు మిగిలిందనుకోండి: పన్ను 5,000, జరిమానా 2,500, ఆపైన వడ్డీ. అంతా కలిపి 10 వేలకి దగ్గరవుతుంది. హోమ్‌స్టెడ్ ఇళ్లకి అంచనా విలువ ఏటా 3 శాతానికి మించి పెరగకుండా ఉండే రక్షణ వల్ల మిగిలిన పన్నునీ ఇందులో కలిపేస్తారు. చాలాకాలంగా ఉన్న ఇంటికి అసలు తగ్గింపు కన్నా ఇదే పెద్ద మొత్తం.

కారణం తరచుగా అద్దె. క్యాలెండర్ ఏడాదిలో 30 రోజులకి మించి, వరసగా రెండేళ్లు ఇల్లంతా అద్దెకిస్తే హోమ్‌స్టెడ్ వదులుకున్నట్టే లెక్క. ఇంకో రాష్ట్రంలో నివాసాన్ని బట్టి వచ్చే పన్ను తగ్గింపు తీసుకుంటున్నా అంతే.

నోటీసు అందాక కట్టడానికి 30 రోజులుంటాయి. ముందు పాత దరఖాస్తు కాపీ తెప్పించుకుని చదవండి. పొరపాటు ప్రాపర్టీ అప్రైజర్ (ఫ్లోరిడాలో ఇళ్ల విలువ కట్టే అధికారి) ఆఫీసు రాతకోతల తప్పు వల్ల జరిగిందని తేలితే జరిమానా, వడ్డీ ఉండవు. పన్ను మాత్రం కట్టాల్సి రావచ్చు.

తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకి ఫ్లోరిడాలో మామూలుగా హోమ్‌స్టెడ్ రాదు. కానీ అమెరికాలోనే పుట్టిన, తమ మీద ఆధారపడ్డ పిల్లలు ఆ ఇంట్లో శాశ్వతంగా ఉంటున్నారని చూపించిన ఒక కుటుంబానికి తగ్గింపు వర్తిస్తుందని 2012లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. ‘వీసా వాళ్లు కదా’ అని తీసేసిన నోటీసైతే ఈ పాయింటు వదలకండి.

సమస్య: జైలు దాకా వెళ్తుందా?

మర్చిపోవడం వేరు, తెలిసి అబద్ధం రాసి సంతకం పెట్టడం వేరు. రెండోదైతే ఫ్లోరిడాలో ఏడాది దాకా జైలు లేదా 5,000 డాలర్ల దాకా జరిమానా, లేదా రెండూ. టెక్సాస్‌లో క్లాస్ ఏ మిస్‌డెమీనర్ (చిన్న తరహా నేరం) గానీ, స్టేట్ జైలు ఫెలొనీ (తీవ్ర నేరం) గానీ అవుతుంది. ఫెలొనీ అయితే జైలు రెండేళ్ల దాకా.

మర్చిపోయిన కేసైతే పన్ను లెక్క కట్టించుకోవడానికి సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) చాలు. తెలిసే సంతకం పెట్టి ఉంటే కౌంటీకి ఒక్క ముక్క రాయకముందే అటార్నీని కలవండి. వీసా లేదా గ్రీన్ కార్డు మీద ఉంటే ఇమిగ్రేషన్ అటార్నీని కూడా అదే రోజు కలవండి.