వానలు మొదలవకముందే డీఎన్ఎస్ సరిచూసుకోండి

చెన్నైలో ఉండేవాళ్లకు అక్టోబరు సగం దాటాక వచ్చే వానల గురించి వేరే చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై మునిగినప్పుడు కరెంటు, నెట్ రెండూ పోయాయి. కేబుల్ తెగితే మనం చేసేదేం లేదు. కానీ లైను బాగానే ఉండి సైట్లు మాత్రం తెరుచుకోని రోజులూ ఉంటాయి. అప్పుడు తప్పు చాలాసార్లు డీఎన్ఎస్‌ది.

సైటు పేరు కొట్టగానే బ్రౌజర్ ముందు డీఎన్ఎస్ సర్వర్‌ని అడిగి ఆ పేరుకున్న ఐపీ నంబరు, అంటే నెట్‌లో ఆ సైటు చిరునామా, తెచ్చుకుంటుంది. మామూలుగా ఆ సర్వర్ మన నెట్ కంపెనీదే. అది పలకకపోతే 'సర్వర్ ఐపీ అడ్రస్ దొరకలేదు' అని వస్తుంది. తేల్చుకోవడం తేలికే: కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ (ping), ఖాళీ వదిలి 1.1.1.1 అని కొట్టండి. జవాబు వచ్చి, బ్రౌజర్‌లో పేర్లు కొడితే మాత్రం సైట్లు రాకపోతే లైను బాగున్నట్టే. ఒక్క సైటే రాకపోతే మాత్రం ముందు స్పెల్లింగ్ చూసుకోండి, తర్వాత ఆ సైటువాళ్లనే అనుమానించండి.

నెట్ పోయాక దీనికి మందు నెట్‌లో వెతకలేం. అందుకే ఈ వారమే రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8, 1.1.1.1 పెట్టుకోండి. మొదటిది గూగుల్‌ది, రెండోది క్లౌడ్‌ఫ్లేర్‌ది, రెండూ ఉచితమే. మార్చేముందు పాత సెట్టింగ్ ఫొటో తీసి ఉంచుకోండి, రౌటర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి ఫోన్లలో 'ప్రైవేట్ డీఎన్ఎస్' అని విడిగా ఉంటుంది. అక్కడ నంబరు కాదు, సర్వర్ పేరు ఇవ్వాలి. అలా పేరు పెట్టుకున్నాక హోటల్ వైఫై లాగిన్ పేజీ రాకపోతే కాసేపు దాన్ని ఆటోమేటిక్‌కి మార్చండి.

ఓఎంఆర్ ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఆఫీసు ల్యాప్‌టాప్ జోలికి మాత్రం పోవద్దు. కంపెనీ లోపలి సైట్ల పేర్లు చాలాచోట్ల వాళ్ల సొంత డీఎన్ఎస్‌కే తెలుస్తాయి. మీరు మార్చారంటే ఇంటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ కలిసినా పని జరగకపోవచ్చు.

ఇంట్లో విండోస్ కంప్యూటర్ అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్, ఖాళీ వదిలి స్లాష్, దాన్ని ఆనుకునే ఫ్లష్‌డీఎన్ఎస్ అని కొట్టండి. దాచుకున్న పాత జవాబులు పోతాయి. రౌటర్‌ని ఆపి అర నిమిషం ఆగి వేయడం అంతకంటే ముందే చేయాల్సిన పని. రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఉంటే కరెంటు వచ్చిపోయే రాత్రుల్లో ఆ తిప్పలూ తగ్గుతాయి. ఊళ్లో అమ్మానాన్నల బిల్లులు ఇక్కడినుంచి మీరే కడుతుంటే దాని విలువ ఇంకా తెలుస్తుంది.

ఎవరో వాట్సాప్‌లో పంపిన 'నెట్ రిపేర్' యాప్ మాత్రం వేసుకోకండి. డీఎన్ఎస్‌ఛేంజర్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) మనుషుల్ని నకిలీ డీఎన్ఎస్ సర్వర్లకు మళ్లించింది; అధికారులు వాటి బదులు పెట్టించిన తాత్కాలిక సర్వర్లను 2012 జూలై 9న ఆపేసినప్పుడు, అప్పటికీ శుభ్రం చేసుకోని కంప్యూటర్లకు సైట్లు తెరుచుకోలేదు.

టీనగర్‌లో బట్టల కొట్టుకో, క్యాటరింగ్‌కో సొంత సైటు నడుపుతుంటే డొమైన్ (సైటు పేరు) గడువు, దానికి కట్టే కార్డు గడువు రెండూ ఇప్పుడే చూడండి. హోస్టింగ్, అంటే సైటు ఉండే సర్వర్, మార్చే పని ఉంటే వానలు తగ్గాక పెట్టుకోండి. తప్పదంటే టీటీఎల్ (డీఎన్ఎస్ జవాబును ఇతర సర్వర్లు ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే గడువు) 86400 సెకన్లు, అంటే ఒక రోజు, ఉన్నచోట ముందు రోజే 300కి దించి, ఆ పాత గడువు పూర్తయ్యాక మార్చండి. లేకపోతే ఒక రోజంతా కొందరు కొనుగోలుదారులు పాత సర్వర్‌కే పోతుంటారు.