టీమ్‌లో వాళ్లతో అప్రైజల్ (ఏడాది పనితీరు సమీక్ష) మాట్లాడే ముందు

- ఏప్రిల్ నుంచి మార్చి దాకా చేసిన పనంతా ఒకసారి తిరగేయండి. మనకి గుర్తుండేది ఫిబ్రవరిలో జరిగిన ఆ ఒక్క తప్పే, జూన్‌లో రెండు రాత్రులు కూర్చుని సర్వర్ నిలబెట్టిన సంగతి పాత మెయిల్స్ వెతికితే గానీ గుర్తు రాదు.
- రేటింగ్ తగ్గిందా? ఆ మాట వాళ్లు ఆ రోజే మొదటిసారి వింటుంటే తప్పు మీదే.
- అద్దాల గది వద్దు. కళ్లల్లో నీళ్లు తిరిగితే ఫ్లోరంతా చూస్తుంది.
- శుక్రవారం సాయంత్రం అసలే పెట్టకండి, శని ఆదివారాలు నిద్ర పట్టదు పాపం.
- జీతం హైక్ మీ చేతిలో లేనప్పుడు "చూద్దాంలే" అనకండి, అది మాటిచ్చినట్టే లెక్క (నేను అలాగే ఇరుక్కున్నా).
- ల్యాప్‌టాప్ మూసేయండి. ముందు వాళ్లని మాట్లాడనివ్వండి.